స్కాన్ నార్మల్ అన్నారని ఊరుకోకండి

కౌన్సెలింగ్ అయిపోయింది. సీట్లు వచ్చాయి. హాస్టల్ గదికి పరుపు, బకెట్, మగ్గు కొనేశారు. ఇంజనీరింగ్, డిగ్రీ మొదటి ఏడాది తరగతులు మొదలవుతున్నాయి. తలకు దెబ్బ తగిలించుకుని, ఎవరికీ చెప్పకుండా వచ్చి వెనక బెంచీలో కూర్చునే పిల్లలు ప్రతి ఏడాదీ ఈ రోజుల్లోనే కనిపిస్తారు. ఈ మాటలు వాళ్ళకు, వాళ్ళ తల్లిదండ్రులకు, వాళ్ళ పక్క మంచం మీద పడుకునే స్నేహితులకు.

దెబ్బ ఎలాగైనా తగిలి ఉండవచ్చు. స్నేహితుడి బండి వెనక కూర్చుని వెళ్తూ స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఎగిరి పడి ఉండవచ్చు. కబడ్డీలో ఇద్దరి తలలు ఢీకొని ఉండవచ్చు. హాస్టల్ బాత్‌రూమ్‌లో కాలు జారి ఉండవచ్చు. వినాయక నిమజ్జనం రోజు లారీ మీంచి దూకుతూ పడి ఉండవచ్చు. తల నేరుగా దేనికీ తగలక్కర్లేదు కూడా. ఒళ్ళు గట్టిగా కుదిలి మెడ విసురుగా ఊగినా పుర్రె లోపల మెదడు అదిరిపోతుంది. దీన్నే వైద్యులు కంకషన్ అంటారు.

స్పృహ తప్పలేదుగా, ఏం కాదు అంటారు ఒకరు. బొప్పి కూడా కట్టలేదు అంటారు ఇంకొకరు. రక్తం బయటికి పోయింది కాబట్టి లోపల గడ్డ కట్టదులే అని ఊళ్ళో పెద్దాయన ధైర్యం చెబుతాడు. ఈ మూడు ధైర్యాలకూ ఆధారం లేదు. కంకషన్ అయినవాళ్ళలో ఎక్కువమందికి అసలు స్పృహ తప్పదు. బొప్పికీ లోపలి దెబ్బకూ లెక్క కుదరదు. పైన చర్మం చిట్లి రక్తం కారినంత మాత్రాన లోపల కారడం ఆగదు.

కాబట్టి ముందు ప్రాణం సంగతి. దెబ్బ తగిలిన తర్వాత ఇవి కనిపిస్తే రేపు చూద్దాం అనుకోవద్దు: మళ్ళీ మళ్ళీ వాంతులు. గంట గంటకూ పెరిగే తలనొప్పి. ఫిట్స్. మాట ముద్దగా రావడం. ఒక చేయో కాలో బలం తగ్గడం, తిమ్మిరెక్కడం. ఒక కంటిపాప పెద్దగా, ఇంకొకటి చిన్నగా కనబడటం. ఒకటి రెండుగా కనిపించడం. ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం గానీ రక్తం గానీ కారడం. ఎక్కడున్నాడో, ఏ రోజో చెప్పలేకపోవడం. నిద్ర లేపితే లేవకపోవడం. మెడ ఎముక మీద గట్టి నొప్పి. వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళకండి, మెడకు దెబ్బ తగిలి ఉంటే ఆ ప్రయాణమే ముప్పు తెస్తుంది.

పోలీసు కేసు అవుతుందనే భయంతో ఆసుపత్రికి వెళ్ళని పిల్లలున్నారు. లైసెన్స్ లేదనో, హెల్మెట్ పెట్టుకోలేదనో, నాన్న తిడతాడనో ఆగిపోతారు. ఆసుపత్రివాళ్ళు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాస్తే రాయనివ్వండి. కాగితం గురించి తర్వాత ఎంతైనా మాట్లాడుకోవచ్చు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్ళే. వెనక కూర్చున్నవాళ్ళకూ హెల్మెట్ తప్పనిసరి అని చట్టం ఊరికే చెప్పలేదు.

సరే, ఆసుపత్రికి వెళ్ళారు. సీటీ స్కాన్ తీశారు. నార్మల్ అన్నారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మా భయమంతా ఇక్కడి నుంచే.

సీటీ స్కాన్ చూసేది రక్తస్రావం ఉందా, ఎముక చిట్లిందా అని. కంకషన్ అందులో కనబడదు. దెబ్బకు మెదడు కణాల లోపలికీ బయటికీ జరిగే లవణాల రాకపోకలు తారుమారవుతాయి. వాటిని మళ్ళీ సర్దుకోవడానికి కణాలకు మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే రక్త ప్రసరణ ఆ అవసరానికి చాలదు. ఈ లోటు తీరడానికి రోజులు, వారాలు పడతాయి. పెద్దవాళ్ళలో చాలామంది రెండు వారాల నుంచి నెల లోపు కోలుకుంటారు. ఆ నెలలోనే మొదటి ఏడాది విద్యార్థి కొత్త ఊరికి, కొత్త గదికి, కొత్త చదువుకు మారుతున్నాడు. అందరిలాగే రాత్రి రెండింటి దాకా మేలుకుంటున్నాడు.

పైగా ఇది వెంటనే బయటపడకపోవచ్చు. క్రికెట్ చూసేవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో జోఫ్రా ఆర్చర్ వేసిన బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. పరీక్షలు చేశారు, బాగానే ఉన్నాడన్నారు. మళ్ళీ బ్యాటింగ్‌కు వచ్చి 92 దగ్గర ఔటయ్యాడు. మర్నాడు పొద్దున లేచేసరికి తలనొప్పి, మగత. ఇక ఆ మ్యాచ్ ఆడలేదు, తర్వాతి టెస్టు కూడా ఆడలేదు. అతని బదులు మరో బ్యాటర్ లబుషేన్ దిగాడు. కంకషన్ అయిన ఆటగాడి బదులు ఇంకొకరిని దింపనిచ్చే ఐసీసీ నిబంధన అమల్లోకి వచ్చి అప్పటికి ఒక నెలైనా కాలేదు. పక్కనే డాక్టర్లున్న ఆటగాడికే మర్నాడు తెలిసింది. హాస్టల్ మూడో అంతస్తులో ఒంటరిగా పడుకున్న పిల్లాడి సంగతి ఆలోచించండి.

అందుకే మొదటి రెండు రోజులు ఒంటరిగా ఉండొద్దు. ఇల్లు దగ్గరైతే ఇంటికి వెళ్ళిపోండి. దూరమైతే రూమ్‌మేట్‌కు చెప్పండి, వార్డెన్‌కు చెప్పండి. నిద్రపోనివ్వకూడదని రాత్రంతా లేపుతూ కూర్చునే పాత అలవాటు ఒకటుంది. డాక్టరు చూసి ప్రమాద సూచనలేవీ లేవన్నాక నిద్ర మంచిదే, మెదడుకు అది కావాలి. రాత్రి లేపి చూడాలో వద్దో ఆయన్నే అడగండి.

ఈ రెండు రోజులూ ఫోన్, ల్యాప్‌టాప్ వీలైనంత తగ్గించండి. కష్టమే, తెలుసు. ఆ వారంలోనే సెక్షన్ వాట్సాప్ గ్రూప్ తెరుస్తారు, సీనియర్లు మెసేజ్‌లు పెడతారు, టైమ్‌టేబుల్ ఫొటోలు వస్తాయి. ఆ పని రూమ్‌మేట్‌కు అప్పగించండి. మద్యం జోలికి అసలు పోవద్దు. డాక్టరు సరేననేదాకా బండి నడపొద్దు. మందుల షాపులో తోచిన బిళ్ళ కొని మింగొద్దు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకుంటాయి. మొదటి రోజుల్లో పారాసిటమాల్ చాలు, అదీ డాక్టరు చెప్పినంతే. నెలలో సగం రోజులు తలనొప్పి బిళ్ళల మీద గడిపితే, చివరికి ఆ బిళ్ళలే తలనొప్పి తెప్పిస్తాయి.

రెండు రోజులు దాటాక ఇంకో రకం పొరపాటు మొదలవుతుంది. ఇది ప్రేమ ఎక్కువైన ఇళ్ళల్లో జరుగుతుంది. గదికి తెరలు దించి, లైట్లు ఆర్పి, మూడు వారాలు మంచం దిగనివ్వరు. ఒకప్పుడు డాక్టర్లు కూడా అలాగే చెప్పేవారు. ఇప్పుడు చెప్పడం లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రీడా కంకషన్ల మీద జరిగిన అంతర్జాతీయ నిపుణుల సమావేశం ఈ విషయం స్పష్టంగా తేల్చింది. ఒకటి రెండు రోజులు ఒళ్ళు అలవనివ్వకుండా ఉండటం, ఆ తర్వాత మెల్లగా నడక, చిన్న చిన్న పనులు. లక్షణాలన్నీ పూర్తిగా పోయేదాకా చీకటి గదిలో కూర్చుంటే త్వరగా కోలుకోవడం జరగదు. పైగా పిల్లాడికి దిగులు పట్టుకుంటుంది.

మరి చదువు? పది పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి. తలనొప్పికి పదికి ఎంత అని మీరే మార్కులు వేసుకోండి. పుస్తకం తెరిచేటప్పుడు రెండు ఉంటే, చదువుతుండగా నాలుగు దాకా పెరిగి గంటలోపు దిగిపోతే పరవాలేదు. ఐదుకు పోయిందా, మూసేయండి. మర్నాడు అంతకంటే తక్కువసేపు చదవండి. గదిలో కొంతసేపు చదవగలిగాక ఒంటిపూట బడికి వెళ్ళినట్టు సగం రోజు తరగతులు. అవి తట్టుకున్నాక పూర్తి రోజు. ఆట మాత్రం అన్నిటికంటే చివర. చదువుకు పూర్తిగా తిరిగి రాకుండా, డాక్టరు ఒప్పుకోకుండా గ్రౌండ్‌లోకి దిగొద్దు.

కాలేజీలో ఏవి ఇబ్బంది పెడతాయో ముందే తెలిస్తే సగం తప్పించుకోవచ్చు. ప్రొజెక్టర్ వెలుతురు, ట్యూబ్‌లైట్ మినుకు. బోర్డు మీంచి నోట్‌బుక్‌కు, నోట్‌బుక్ మీంచి బోర్డుకు చూపు మారుతుంటే కళ్ళు తిరగడం. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో సన్నని గీతలు. వర్క్‌షాప్‌లో ఇనుము మీద సుత్తి చప్పుడు. ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో మూడు గంటలు కదలకుండా స్క్రీన్. ఊరి బయట కాలేజీకి గంటన్నర బస్సు కుదుపులు. ఫ్రెషర్స్ డే డీజే. మెస్‌లో అందరూ ఒకేసారి పళ్ళాలు మోగించే రొద. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఇవేవీ లెక్కలోకి రావు. కంకషన్ అయినవాడికి ఒక్కొక్కటీ భారమే. ముందు వరుసలో ఒక చివర కూర్చోండి, చూపు తిప్పుకోవడం తగ్గుతుంది, లేచి వెళ్ళడానికీ వీలవుతుంది. నోట్స్ స్నేహితుణ్ణి రాయమని, దాని జెరాక్సు తీసుకోండి. యంత్రాలున్న వర్క్‌షాప్‌లోకి కళ్ళు తిరుగుతుండగా అడుగు పెట్టొద్దు. డీజేకు వెళ్ళకపోతే సీనియర్లు ఏమనుకుంటారో అనుకోవద్దు, అనుకోనివ్వండి.

చాలామంది దాటవేసే సంగతి ఒకటి చెప్పాలి. కంకషన్ అయినవాడికి చికాకు పెరుగుతుంది. ఊరికే ఏడుపొస్తుంది. నిద్ర పట్టదు, లేదా పగలంతా నిద్రే. చదివింది నిలవదు. మనుషుల మధ్య ఉండాలనిపించదు. హాస్టల్‌కు కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంటి మీద బెంగ పుట్టినప్పుడూ సరిగ్గా ఇవే కనిపిస్తాయి. దాంతో తల్లి ఫోన్‌లో విని, బెంగ పెట్టుకున్నాడు, నాలుగు రోజులైతే అదే అలవాటవుతుంది అంటుంది. అధ్యాపకుడు చూసి శ్రద్ధ లేదంటాడు. రూమ్‌మేట్ నటిస్తున్నాడంటాడు. చివరికి ఆ కుర్రాడే, ఇంటర్‌లో అన్ని మార్కులు వచ్చిన నాకు ఇంజనీరింగ్ అర్థం కావట్లేదు, నేను పనికిరాను అని నమ్మేస్తాడు. అమ్మా, నాన్నా, పిల్లలు అలా మాట్లాడితే ఒక్క ప్రశ్న అడగండి: ఈ మధ్య ఎక్కడైనా పడ్డావా, తలకేమైనా తగిలిందా? తిట్టబోమని ముందే మాటిచ్చి అడగండి. అప్పుడే చెబుతారు. దిగులు మరీ ముదిరి, బతకాలని లేదన్న మాటలు వస్తే ఆ పిల్లను, పిల్లాణ్ణి ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

రెండో దెబ్బ గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. మొదటిది మానక ముందే తలకు ఇంకొకటి తగిలితే, అరుదుగానే కావచ్చు, మెదడు ఉన్నట్టుండి వాచిపోతుంది. ఆ వాపును ఆపడం ఎంత పెద్ద ఆసుపత్రికైనా కష్టం. కెనడాలోని ఒట్టావాలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ళ అమ్మాయి తన స్కూలు రగ్బీ జట్టుకు కెప్టెన్. 2013 మేలో కొద్ది రోజుల వ్యవధిలో ఒకటి తర్వాత ఒకటిగా తలకు దెబ్బలు తిన్నది. తనకు కంకషన్ అయిందేమోనని ఆమెకే అనుమానం వచ్చింది. స్నేహితురాలికి మెసేజ్‌లో రాసింది కూడా. పెద్దవాళ్ళెవరికీ చెప్పలేదు. మళ్ళీ ఆడింది. ఆఖరి దెబ్బ తర్వాత స్పృహలోకి రాలేదు. ఆమె పేరు మీద ఒంటారియో రాష్ట్రం 2018లో చట్టం చేసింది. దాని ప్రకారం, కంకషన్ అయిందని అనుమానం వస్తే ఆటగాణ్ణి వెంటనే బయటికి పంపాలి, వైద్యపరమైన అనుమతి లేకుండా తిరిగి ఆడనివ్వకూడదు. మనకు అలాంటి చట్టం లేదు. కనుక ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ ముందు పీఈటీ సారు అడిగినా, జట్టుకు మీరే దిక్కని స్నేహితులు బతిమాలినా, కుదరదని చెప్పాల్సింది మీరే.

ఇక హాజరు. దెబ్బ దాచిపెట్టడానికి పిల్లలు చెప్పే అసలు కారణం ఇదే. జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపించి కండోనేషన్ (హాజరు లోటు మాఫీ) అడగవచ్చు. 65 లోపు పడితే డిటెయిన్. ఈ లెక్క తెలిసిన పిల్లాడు తల పగిలిపోతున్నా తరగతికి వచ్చి కూర్చుంటాడు. అయ్యా, కూర్చోవద్దు. మొదటి రోజే డాక్టరు దగ్గర కంకషన్ అని స్పష్టంగా రాయించుకోండి, జ్వరం అని కాదు. ఎన్ని రోజుల విశ్రాంతి, ఎన్ని రోజులు సగం పూట తరగతులు అన్నదీ అందులో ఉండాలి. ఒక నకలు విభాగాధిపతికి, ఒకటి క్లాస్ టీచర్‌కు, ఒకటి వార్డెన్‌కు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సెమిస్టర్ చివర తెచ్చిన సర్టిఫికెట్‌ను ఎవరూ నమ్మరు. నమ్మకపోవడంలో వాళ్ళ తప్పు కూడా లేదు, డబ్బిస్తే దొరికే సర్టిఫికెట్లు వాళ్ళు చాలా చూశారు. మొదటి మిడ్ పరీక్ష పోయినా రెండోది ఉంది. ఒక సబ్జెక్టు ఉండిపోయినా సప్లిమెంటరీ ఉంది.

అధ్యాపకులకూ ఒక విన్నపం. విరిగిన చేతికి కట్టు కనిపిస్తుంది, అందుకే ఆ విద్యార్థికి రికార్డు రాయడానికి గడువిస్తారు. ఈ గాయానికి కట్టు ఉండదు. కాగితం తెచ్చిన విద్యార్థి తరగతి మధ్యలో లేచి బయటికి వెళ్తే ఆపకండి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే వెటకారం చేయకండి. ఒకే రోజు రెండు ల్యాబ్‌లు పడితే ఒకటి వాయిదా వేయండి. కాలేజీ పెద్దలు పూనుకుంటే ఇండక్షన్ రోజుల్లోనే దీని గురించి ఒక్క పావుగంట చెప్పవచ్చు, ఖర్చేమీ లేదు.

అమెరికా వెళ్ళిన మన పిల్లలకు ఇబ్బంది ఇంకో రకంగా ఉంటుంది. మంచు మీద కాలు జారడం, సైకిల్ మీంచి పడటం మామూలే. బిల్లుకు భయపడి ఎమర్జెన్సీకి వెళ్ళరు. పైన చెప్పిన ప్రమాద సూచనలుంటే బిల్లు సంగతి మరిచి 911కు ఫోన్ చేయాల్సిందే. తల తట్టుకోలేక ఒక కోర్సు వదిలేయాలనుకుంటే ముందు డీఎస్‌ఓను (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే విశ్వవిద్యాలయ అధికారిని) కలవండి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు అనారోగ్య కారణంతో కోర్సుల భారం తగ్గించుకోవచ్చు, కానీ డాక్టరు ఉత్తరం చూపించి ముందే అనుమతి తీసుకోవాలి. వదిలేశాక అడిగితే వీసాకే ముప్పు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో డిసెబిలిటీ సర్వీసెస్ ఆఫీసు ఉంటుంది. ఆ పేరు చూసి నాది వైకల్యం కాదుగా అని వెనక్కి తగ్గకండి. కొద్ది వారాల ఇబ్బందికి కూడా పరీక్షలో అదనపు సమయం, నోట్స్ రాసిపెట్టే సాయం వాళ్ళు ఇస్తారు. అమ్మానాన్నలు కంగారు పడతారని వీడియో కాల్‌లో నవ్వుతూ మాట్లాడి, ఫోన్ పెట్టేసి తల పట్టుకునే పిల్లలారా, చెప్పేయండి. కంగారు పడనివ్వండి. అందుకేగా వాళ్ళున్నది.

నెల దాటినా తలనొప్పి, కళ్ళు తిరగడం, మతిమరుపు తగ్గకపోతే అదే పోతుందిలే అని కూర్చోకండి. న్యూరాలజీ విభాగానికి వెళ్ళండి. హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది, విశాఖలో కేజీహెచ్ ఉంది, జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. కళ్ళు తిరగడానికి ప్రత్యేకమైన వ్యాయామాలున్నాయి, మెడకు ఫిజియోథెరపీ ఉంది, చూపు కుదరకపోతే దానికీ వైద్యం ఉంది. నయమయ్యే బాధను ఒక విద్యా సంవత్సరం మోయడం ఎందుకు?

ఈ వారం మీ గదిలో, మీ ఇంట్లో, మీ బెంచీలో ఎవరైనా పడి లేచి ఉంటే ఈ రాత్రికి వాళ్ళను ఒంటరిగా పడుకోనివ్వకండి. ప్రమాద సూచనలుంటే ఇప్పుడే, లేకపోతే రేపు పొద్దున డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్ళండి.